147 కిలోమీటర్లకు 30 గంటలు

ఒడిశాలోని జయపురం విమానాశ్రయానికీ విశాఖపట్నం విమానాశ్రయానికీ మధ్య ఆకాశ మార్గంలో దూరం 147 కిలోమీటర్లు. ప్రయాణ సమయం 40 నిమిషాలు. రెండు ఊళ్ల పేర్లు ఇస్తే దూరం, సమయం లెక్కకట్టి చెప్పే వెబ్‌సైట్లలో ఎవరికైనా దాదాపు ఇవే అంకెలు కనిపిస్తాయి. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఇంటి పిల్లలు వీటిని ఫోనులో చూపించి, "ఇంత దగ్గరైనప్పుడు ఇంకా ఆ ఘాట్ రోడ్డు మీద ఎందుకు అవస్థ పడుతున్నారు బాబాయ్?" అని అడుగుతుంటారు. కొరాపుట్, రాయగడ, నవరంగపూర్ జిల్లాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న వినని పెద్దవాళ్లు ఉండరనుకుంటాను.

ఆ రెండు అంకెల్లో మొదటిది నిజం. రెండోది తప్పుదారి పట్టిస్తుంది. అది పిల్లలను పట్టించినా నష్టం లేదు. విమాన సర్వీసులు ఎక్కడికి, వారానికి ఎన్ని, ఏ సైజు విమానంతో నడపాలో తేల్చేవాళ్లు కూడా అదే అంకె పట్టుకుని కూర్చుంటున్నారు. నాకు బాధ కలిగించేది అది.

ముందు దూరం సంగతి చూద్దాం. దీనికి వెబ్‌సైటు కూడా అక్కర్లేదు, అట్లాసు, పెన్సిలు చాలు. జయపురం విమానాశ్రయం 18.88 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.55 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22 దగ్గర ఉంది. అక్షాంశాల తేడా 1.16 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తరం నుంచి దక్షిణానికి 129 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 0.67 డిగ్రీలు. మన అక్షాంశం దగ్గర రేఖాంశాలు కాస్త దగ్గరపడతాయి కాబట్టి డిగ్రీకి 106 కిలోమీటర్లు వేసుకుంటే, పడమర నుంచి తూర్పుకు 71 కిలోమీటర్లు. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుని కర్ణం కడితే 147 వస్తుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి వెబ్‌సైట్లు ఇదే పనిని గోళం మీది సూత్రంతో చేస్తాయి. ఇంత చిన్న దూరానికి తేడా పెద్దగా రాదు.

ఆ గీతను పటం మీద గీసి చూడండి. జయపురం వదలగానే కొలాబ్ జలాశయం మీదుగా వెళ్తుంది. సరిగ్గా సగం దూరంలో అరకు వస్తుంది. అక్కడి నుంచి అనంతగిరి కొండలు దాటి విశాఖ మైదానంలోకి దిగుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ దిశనే నమ్ముకుని కొండల్లో మెలికలు తిరుగుతూ వెళ్తుంది. రోడ్డు మాత్రం అలా పోదు. కొరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి, సుంకి ఘాట్, పి.కోనవలస, సాలూరు, విజయనగరం మీదుగా తూర్పుకు వంగి, సుమారు 220 కిలోమీటర్లు చుట్టి విశాఖ చేరుతుంది. కారులో అయిదున్నర, ఆరు గంటలు. బస్సులో ఏడు గంటలు అనుకోవాలి.

ఇక 40 నిమిషాల సంగతి. ఇలాంటి సైట్లలో చాలావాటి పద్ధతి ఒకటే. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఒక అరగంట కలుపుతాయి. 147ను 800తో భాగిస్తే 11 నిమిషాలు, దానికి 30 కలిపితే 41. కానీ 800 అనేది పెద్ద జెట్ విమానం వేగం. జయపురం రన్‌వే మీద దిగింది సెస్నా 208 క్యారవాన్ రకం చిన్న విమానం. తొమ్మిది మంది ప్రయాణికులు, ఒకే ఇంజను, గంటకు సుమారు 340 కిలోమీటర్ల వేగం. విశాఖ దూరానికి ఈ తేడా బయటపడదు, క్యారవాన్ కూడా 35, 40 నిమిషాల్లో చేర్చేస్తుంది. భువనేశ్వర్ విషయంలో బయటపడుతుంది. జయపురం నుంచి భువనేశ్వర్‌కు ఆకాశ మార్గంలో 375 కిలోమీటర్లు. వెబ్‌సైటు లెక్క గంటలోపే. క్యారవాన్‌కు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. ఏ విమానం నడుస్తోందో కనుక్కోకుండానే, అసలు విమానం నడుస్తోందో లేదో కూడా చూడకుండానే ఆ అంకె తెర మీదికి వస్తుంది. విమానాశ్రయాలు రెండూ మూతపడి ఉన్నా అదే 41 చూపిస్తుంది.

సరే, ఆ ఇరవై నిమిషాల గురించి నేను గొడవ పడను. ఇంటి గుమ్మం నుంచి చేరవలసిన గుమ్మం దాకా లెక్క వేసుకుందాం. జయపురంలో ఇంటి నుంచి విమానాశ్రయానికి పావుగంట, ఇరవై నిమిషాలు. గంట ముందు అక్కడ ఉండాలి. చిన్న విమానంలో బరువు లెక్క కచ్చితంగా చూడవలసి ఉంటుంది కాబట్టి సామాను తూకం దగ్గర తొందరపడితే కుదరదు. గాలిలో 40 నిమిషాలు. విశాఖలో దిగి సంచులు తీసుకుని బయటపడడానికి ఇరవై నిమిషాలు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ వైపు కాబట్టి, ఆ ట్రాఫిక్‌లో మరో నలభై నిమిషాలు. మొత్తం మూడు గంటలు. కారుతో పోలిస్తే దాదాపు మూడు గంటలు, బస్సుతో పోలిస్తే నాలుగు గంటలు కలిసొచ్చినట్టు.

మూడు గంటలంటే తక్కువేమీ కాదు. సుంకి ఘాట్‌లో మలుపు మలుపుకూ నిమ్మకాయ వాసన చూస్తూ, కిటికీ ఊచ పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్న పెద్దవాళ్లను చూసినవాళ్లకు ఆ మూడు గంటల విలువ తెలుస్తుంది. ఎదురుగా అల్యూమినా లారీ, ఖనిజం లారీ వస్తే బస్సు కొండ అంచుకు జరిగి ఆగుతుంది. వెనక లారీల వరస పెరుగుతూ పోతుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు, గర్భిణులకు, ఆపరేషను చేయించుకుని కుట్లతో తిరిగొచ్చేవాళ్లకు ఆ దారి శిక్షే. అందుకే చిన్న ఊళ్లకు విమానం దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. మాకు విమానం కావాలి. కానీ ఎలాంటి విమానం?

ఇక్కడే అసలు అంకె వస్తుంది. ఏ వెబ్‌సైటూ చూపించని అంకె, విమానం కోసం ఎదురుచూసే సమయం.

చిన్న ఊళ్లకు రాయితీతో విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద ఒక మార్గం దక్కించుకున్న సంస్థ వారానికి కనీసం మూడు సర్వీసులు నడపాలి. రాయితీ గరిష్ఠంగా ఏడింటికి. అంటే వారానికి మూడు నడిపినా నిబంధన నెరవేరినట్టే. సోమ, బుధ, శుక్రవారాల్లో విమానం ఉందనుకుందాం. మనిషికి అవసరం ఏ రోజు ఏ గంటకు వస్తుందో చెప్పలేం. సోమవారం విమానం వెళ్లాక బుధవారం విమానానికి 48 గంటలు. బుధవారం నుంచి శుక్రవారానికి 48. శుక్రవారం నుంచి మళ్లీ సోమవారానికి 72. పొడవైన విరామంలోనే ఎక్కువ అవసరాలు వచ్చి పడతాయన్నది కూడా కలుపుకుని సగటు తీస్తే, ఎదురుచూపు 29 గంటలు. దానికి గాలిలో గడిపే సమయం, దిగాక రోడ్డు మీద గడిపే సమయం కలపండి. 147 కిలోమీటర్లకు 30 గంటలు దాటుతుంది. బస్టాండుకు వెళ్లి విజయనగరం బస్సో సాలూరు బస్సో ఎక్కిన మనిషి ఈలోపు విశాఖ వెళ్లి, పని చూసుకుని, తిరిగి ఇంటికొచ్చి పడుకుంటాడు.

ముందే ఏర్పాటు చేసుకున్న ప్రయాణానికి ఈ లెక్క వర్తించదు కదా అని ఎవరైనా అనవచ్చు. కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ డాక్టరు మంగళవారం రమ్మన్నాడనుకోండి. సోమవారం విమానంలో వెళ్లాలి, బుధవారం విమానంలో రావాలి. ఒక్క పూట పనికి రెండు రాత్రులు లాడ్జిలో గడపాలి. రోగి ఒంటరిగా వెళ్లరు కాబట్టి ఇద్దరికి గది అద్దె, ఇద్దరికి హోటలు భోజనం, తోడు వెళ్లినవాడి దుకాణం మూడు రోజులు మూత. టికెట్టు మీద తగ్గింది లాడ్జి మీద పోతుంది. బస్సులో తెల్లవారుజామున బయలుదేరి అర్ధరాత్రికి తిరిగొచ్చే కుటుంబాలు అలా రావడానికి కారణం పిసినారితనం కాదు.

దీన్నిబట్టి నాకు తోచిన సూత్రం చెప్తాను. దూరం తగ్గే కొద్దీ సర్వీసుల సంఖ్య పెరగాలి. జయపురం నుంచి భువనేశ్వర్‌కు రాత్రంతా రైలు ప్రయాణం. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కొరాపుట్, రాయగడ దాటి ఆంధ్రలో పార్వతీపురం, విజయనగరం చుట్టి మళ్లీ ఒడిశాలోకి ప్రవేశిస్తుంది. అంత దూరానికి విమానం పది గంటలు మిగులుస్తుంది. కాబట్టి వారానికి మూడే ఉన్నా, సచివాలయంలో పని ఉన్నవాళ్లు, హైకోర్టుకు వెళ్లేవాళ్లు వీలు చూసుకుని దాన్ని వాడుకుంటారు. విశాఖకు మిగిలేది మూడు గంటలే. ఆ మూడు గంటల కోసం రెండు రోజులు ఎవరూ ఆగరు. పోటీ బస్సుతో. ఆ బస్సు పొద్దున్నా ఉంటుంది, మధ్యాహ్నమూ ఉంటుంది. దగ్గరి దూరానికి విమానం నిలబడాలంటే రోజుకు రెండుసార్లు ఉండాలి. ఉదయం ఒకటి, సాయంత్రం వెలుగు ఉండగా ఒకటి. మన పథకాలు దీనికి తలకిందులుగా సాగుతున్నాయి. దగ్గరి మార్గానికైనా దూరపు మార్గానికైనా అదే కనీసం మూడు. రోజుకు రెండుసార్లు నడిపితే వారానికి పద్నాలుగు, రాయితీ ఏడు దగ్గరే ఆగిపోతుంది.

ఈ ఎదురుచూపును లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక చాలు. 2023లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ నివేదిక ప్రకారం ఉడాన్ మొదటి మూడు విడతల్లో 774 మార్గాలు కేటాయించారు. వాటిలో 403 మార్గాల్లో విమానం ఎగరనే లేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేసుకున్నవి 112. ఆ గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54. అంటే కేటాయించిన ప్రతి వందలో ఏడు. మా జయపురం పేరు 2017లో వచ్చిన తొలి విడత జాబితాలోనే ఉంది. తొమ్మిది సీట్ల విమానం వచ్చి దిగేసరికి 2022 అయింది. ఈ అయిదేళ్లూ వెబ్‌సైటులో 40 నిమిషాల అంకె అలాగే ఉంది.

మార్గాలు ఎందుకు చచ్చిపోతున్నాయన్నదానికి ఇంధనం ధర, విమానాల కొరత, పైలట్ల కొరత అని చాలా కారణాలు చెప్తారు. అవన్నీ నిజమే. కానీ ప్రయాణికుల వైపు నుంచి నేను చూసిన కారణం ఒకటుంది. నమ్మకం. ఒకసారి వెళ్లి విమానం రద్దయి వెనక్కి వచ్చిన కుటుంబం మళ్లీ ఆ వైపు చూడదు.

మా మేనమామ విషయంలో అదే జరిగింది. ఆయనకు డెబ్బై దాటాయి. గుండె పరీక్షకు విశాఖ తీసుకువెళ్లాలి. ఘాట్‌లో ఆయన తట్టుకోలేరని విమానం టికెట్లు తీశాం. ఆగస్టు నెల. ఉదయం ఇంటి డాబా మీదికి వెళ్లి చూస్తే కొరాపుట్ వైపు కొండలు లేవు. ఉన్నచోట తెల్లగా మబ్బు దిగి ఉంది. విమానాశ్రయంలో గాలి దిశ చూపే గుడ్డ గొట్టం తడిసి కర్రకు అంటుకుపోయింది. సిబ్బంది మర్యాదగానే మాట్లాడారు, కుర్చీలు వేశారు, టీ ఇప్పించారు. వాతావరణం వాళ్ల చేతిలో లేదు. పదిన్నరకు రద్దయిందని చెప్పారు. నేను ఇంకా, "కాసేపు చూద్దాం మావయ్యా, మబ్బు విడిస్తే విడుస్తుంది" అంటున్నాను. ఆయన చెప్పులు వేసుకుని లేచి, "ఒరే, సాలూరు బస్సు ఎన్నింటికో కనుక్కో" అన్నారు. ఆ తరువాత ఇంట్లో ఎవరికి విశాఖలో పనిపడినా ఆయన మొదట అడిగేది బస్సు టైమే.

ఈ రద్దులకు కారణం అదృష్టం కాదు, ఏర్పాట్లు. జయపురం లాంటి చిన్న విమానాశ్రయాల్లో విమానం కంటిచూపు మీద ఆధారపడి దిగాలి. ఆ నియమాలను వీఎఫ్ఆర్ అంటారు. సాధారణంగా అయిదు కిలోమీటర్ల దాకా కనిపించాలి, మబ్బుకు నిర్ణీత దూరంలో ఉండాలి, పగటి వెలుగు ఉండాలి. పైలట్ నేలను చూడలేకపోతే దిగకూడదు. భద్రత దృష్టితో ఈ నియమం సరైనదే, దాన్ని సడలించమని నేను ఎప్పుడూ అనను. చుట్టూ ఉన్న కొండలు చిన్నవి కావు. ఒడిశాలో అతి ఎత్తైన దేవమాలి శిఖరం మా జిల్లాలోనే ఉంది, 1,672 మీటర్లు. కానీ ఈ ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు, అక్టోబరులో తుపాన్లు, డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు. కంటిచూపుతోనే నడిచే విమానానికి ఏడాదిలో నమ్మకంగా మిగిలే నెలలు ఎన్ని? పైగా ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడేదీ, రైలు ఆగిపోయేదీ సరిగ్గా ఆ వానల్లోనే. 2017 జులైలో రాయగడ దగ్గర వరదకు నాగావళి మీది రైలు వంతెన కొట్టుకుపోయింది. నేల మీద దారులు తెగిన రోజునే ఆకాశ మార్గమూ మూసుకుంటే ఆ మార్గం ఎవరి కోసం?

దీనికి పరిష్కారం మన దేశంలోనే ఉంది. ఇస్రో, భారత విమానాశ్రయాల సంస్థ కలిసి గగన్ అనే ఉపగ్రహ వ్యవస్థను తయారు చేశాయి. జీపీఎస్ సంకేతాల్లోని లోపాలను సరిదిద్ది, విమానం ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో కచ్చితంగా చెప్తుంది. రన్‌వే పక్కన ఖరీదైన యంత్రాలు పెట్టకుండానే, ఈ సంకేతాల ఆధారంగా విమానం మబ్బులోంచి ఇప్పటికన్నా చాలా కిందికి దిగి అప్పుడు రన్‌వేను చూసుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ అనే చిన్న విమానాశ్రయంలో ఇండిగో ఏటీఆర్ విమానాన్ని ఈ పద్ధతిలో దించి చూశారు. కొండల మధ్య ఉన్న జయపురానికి అలాంటి మార్గం గీయడం కిషన్‌గఢ్ అంత సులభం కాకపోవచ్చు. కొలతలు తీయాలి, విమానంలో పరికరం ఉండాలి, పైలట్లకు శిక్షణ కావాలి. ఆ పని మొదలుపెట్టమనే నా విన్నపం. టెర్మినల్ భవనానికి రంగులు వేయడం కన్నా, ముందు ద్వారం వెడల్పు చేయడం కన్నా ఇది ముందు జరగాలి.

మా ఊళ్లో కొందరు మిత్రులతో నాకు తేడా వచ్చేది మరోచోట. వాళ్లు రన్‌వే పొడిగించాలి, పెద్ద విమానం రావాలి అంటారు. సభల్లో చప్పట్లు పడే మాట అది. నేను ఒప్పుకోను. తొమ్మిది సీట్ల విమానం వారానికి మూడుసార్లు వస్తే ఒక దిశలో 27 సీట్లు. ఒక్క బస్సు నింపడానికి కూడా చాలదు. అది చాలా తక్కువ, నిజమే. అయితే 70 సీట్ల ఏటీఆర్ వారానికి మూడుసార్లు వస్తే 210 సీట్లు వస్తాయి, ఎదురుచూపు మాత్రం అదే 29 గంటలు ఉంటుంది. అదే తొమ్మిది సీట్ల విమానం రోజుకు రెండుసార్లు తిరిగితే ఒక దిశలో 126 సీట్లు, ఎదురుచూపు మహా అయితే ఒక రాత్రి. విశాఖకు పనికొచ్చేది ఈ రెండోది. చిన్న విమానంలో సీటుకు ఖర్చు ఎక్కువ పడుతుంది, దాన్ని దాచను. అందుకే రాయితీని సీట్ల లెక్కన కాకుండా, చెప్పిన రోజున చెప్పిన వేళకు ఎన్ని సర్వీసులు పూర్తయ్యాయన్న లెక్కన ఇవ్వాలి. పల్లెకు బస్సు వేసినప్పుడు మొదటి రోజుల్లో నాలుగు సీట్లు నిండితే చాలనుకుంటాం. వేళకు వస్తుందని ఊరికి తెలిశాక బస్సు నిండుతుంది. విమానం అయినా అంతే.

ఇంకో చిక్కు సరిహద్దు. జయపురానికీ జగదల్‌పూర్‌కూ ఆకాశ మార్గంలో దూరం 58 కిలోమీటర్లు. రెండు ఊళ్లకూ విమానాశ్రయాలు ఉన్నాయి. ఒకటి ఒడిశాది, అది భువనేశ్వర్ వైపు చూస్తుంది. ఇంకొకటి ఛత్తీస్‌గఢ్‌ది, అది రాయపూర్ వైపు చూస్తుంది. 2020 సెప్టెంబరులో హైదరాబాదు–జగదల్‌పూర్–రాయపూర్ ఏటీఆర్ సర్వీసు మొదలయ్యాక మావైపు నుంచి కూడా హైదరాబాదు వెళ్లడానికి జగదల్‌పూర్ దారి పట్టినవాళ్లు ఉన్నారు. ఉడాన్ రాయితీలో అయిదో వంతు రాష్ట్రాలే భరిస్తాయి. డబ్బు పెట్టేవాళ్లు తమ రాజధానికే దారి వేసుకుంటారు, అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఇక్కడి మనిషి జీవితం రాజధాని వైపు మాత్రమే సాగదు. వైద్యం విశాఖలో, పిల్లల చదువు విశాఖలోనో విజయనగరంలోనో, బియ్యం, బట్టల సరుకు విజయనగరం నుంచి, సంబంధాలు సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి నుంచి. తెలుగువాళ్లకే కాదు, ఒడియా ఇరుగుపొరుగుకూ పెద్దాసుపత్రి అంటే విశాఖే.

ఇది నిన్న మొన్నటి బంధం కూడా కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళం ఇచ్చారు. అక్కడి సైన్స్ కళాశాలకు ఆయన పేరే పెట్టుకున్నారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960లలో కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. ఖనిజం ఎటు పోవాలో ఆనాడే సరిగ్గా లెక్కవేశారు. దమన్‌జోడిలో తయారైన అల్యూమినా కూడా ఆ వైపే పోతుంది. మనుషులకు దారి వేసేటప్పుడు మాత్రం రాష్ట్ర పటం అడ్డొస్తోంది. ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మరో సంగతి: జయపురానికి నలభై కిలోమీటర్ల దూరంలో, సునాబెడలో, ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ కర్మాగారం దశాబ్దాలుగా వాయుసేన మిగ్ విమానాలకు ఇంజన్లు తయారు చేసింది. ఆ కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామంది చికిత్సకు బస్సులోనే వెళ్లారు.

రాబోయే మార్పు ఒకటి ఈ లెక్కలన్నిటినీ మళ్లీ వేయిస్తుంది. విశాఖలో ఇన్నాళ్లూ పౌర విమానాలు నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలోని రన్‌వే మీదే దిగుతూ వచ్చాయి. వాటిని విజయనగరం జిల్లాలోని భోగాపురం కొత్త విమానాశ్రయానికి తరలించాలన్నది నిర్ణయం. జయపురం నుంచి భోగాపురానికి ఆకాశ మార్గంలో దాదాపు 142 కిలోమీటర్లు, అంటే వెబ్‌సైటు అంకె ఏమీ మారదు, అదే 40 నిమిషాలు. నేల మీద మాత్రం చాలా మారుతుంది. కేజీహెచ్‌కు వెళ్లవలసిన రోగి భోగాపురంలో దిగితే మళ్లీ నలభై, యాభై కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. కలిసొచ్చిన మూడు గంటల్లో ఒక గంట అక్కడే కరిగిపోతుంది. మరోవైపు, ఢిల్లీకో బెంగళూరుకో వెళ్లే మనిషికి మేలు. కొరాపుట్, సాలూరు, విజయనగరం మీదుగా వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి నాతవలసలో, అంటే భోగాపురం సమీపంలోనే, 16వ నంబరు రహదారిలో కలుస్తుంది. విశాఖ నగరంలోకి అడుగుపెట్టకుండానే అతడు విమానం ఎక్కవచ్చు.

కాబట్టి భోగాపురం వచ్చాక జయపురం విమానం విశాఖకు అవసరమా అన్న ప్రశ్న తప్పకుండా లేస్తుంది. నా జవాబు ఇది. రోగుల కోసమైతే ఆ విమానం పాత చోటే, నగరంలోనే దిగేలా చూడాలి. తొమ్మిది సీట్ల విమానానికి పొడవాటి రన్‌వే అక్కర్లేదు, రోజుకు రెండుసార్లు దిగడానికి నౌకాదళం అనుమతి అడగడంలో తప్పు లేదు. అది కుదరకపోతే, భోగాపురం నుంచి బయలుదేరే పెద్ద విమానాల వేళలకు కలిసేలా జయపురం విమానాన్ని నడపాలి. ఉదయం ఇక్కడ ఎక్కినవాడు మధ్యాహ్నానికి హైదరాబాదులోనో చెన్నైలోనో ఉండాలి, ఒకే టికెట్టు మీద, మధ్యలో విమానం తప్పితే తరువాతి దానిలో ఎక్కించే బాధ్యత సంస్థదే అయ్యేలా. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకుని దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేస్తే పనికొస్తుంది. ఏదీ తేల్చకుండా వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒక విమానం వచ్చి వెళ్తే ఇద్దరికీ పనికిరాదు.

వినతిపత్రాలు రాసే మిత్రులకు ఒక మాట. "మా ఊరికి విమానం కావాలి" అని రాస్తే ప్రారంభోత్సవం వస్తుంది, ఆరు నెలలకు ఆగిపోతుంది. రెండు అంకెలు అడుగుతూ రాయండి. గత ఏడాది ప్రకటించిన సర్వీసుల్లో నడిచినవి ఎన్ని, రద్దయినవి ఎన్ని, నెలవారీగా. ఇది విమానాశ్రయం గోడ మీద, పథకం వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టమనండి. రెండోది, తరువాతి విడతలో ఈ మార్గానికి కనీస సర్వీసులు ఎన్ని. ఎంపీ గారికి, కలెక్టరు గారికి, భువనేశ్వర్‌లోని రవాణా శాఖకు మాత్రమే కాదు, విశాఖ ప్రజాప్రతినిధులకు కూడా పంపండి. మన రోగులు వెళ్లేది వాళ్ల ఊరికే. విమానాల శీతాకాల షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతుంది, వేసవి షెడ్యూలు మార్చి చివరి ఆదివారం. వేళలు అంతకు ముందే ఖరారవుతాయి కాబట్టి, ఉత్తరం ఆగస్టు దాటకుండా చేరాలి.